ఆయుధ పూజ నాడు ఆరిన నక్షత్రం

తిరుపతిలో నేను పరిశోధన చేసిన చోటి పేరు చెప్పను; చెబితే వాళ్ళకు ప్రచారం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. పది మామూలు కంప్యూటర్లను తీగలతో కలిపి ఒక్కటిగా పనిచేయించేవాళ్ళం. మా శాఖాధిపతి దానికి సూపర్ కంప్యూటర్ అని శిలాఫలకం వేయించారు. ఫలకం మీద ఆయన పేరు ఉంది. నెల రోజులు నేల మీద పాకి తీగలు బిగించిన నా పేరు లేదు.

విశ్వంలో మొట్టమొదటి నక్షత్రం ఎలా పుట్టిందో అందులో లెక్క కట్టిస్తున్నాను. చీకట్లో చెదిరి ఉన్న వాయువు తన బరువుకు తానే ముద్దకట్టి, కుంచించుకుని, వేడెక్కాలి. పద్దెనిమిది రోజులుగా లెక్క నడుస్తోంది. ఇంకో రెండు రోజుల్లో ముద్ద నడిమి భాగం వెలుగుతుంది. ఆ ఫలితం సోమవారంలోగా పంపితేనే బెంగళూరులో జరిగే శాస్త్రవేత్తల సభలో మాట్లాడే అవకాశం నాది. జరిగినంత లెక్కను దాచుకుందామంటే డిస్కులో చోటు లేదు. అది శాఖాధిపతి షష్టిపూర్తి ఫోటోలతో నిండిపోయింది. తీసేయమని మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. యంత్రాన్ని ఆపొద్దని ముందే వేడుకున్నాను.

"ఆపేదేముందప్పా? బొట్టు పెట్టి హారతిస్తాం, అంతే" అన్నారు శాఖాధిపతి. నమ్మాను.

హారతి అయింది. గుమ్మడికాయ పగిలింది. అప్పుడు అటెండరు గొంతు సవరించుకున్నాడు. "సార్, మా మామ పూజ అయినాక లారీ స్టార్ట్ చేసి నిమ్మకాయలు తొక్కిస్తాడు. దీన్ని గూడా మీ చేత్తో స్టార్ట్ చెయ్యాల గదా?"

"అది నడస్తానే ఉండాది!" అన్నాను.

"నడిచేదాన్ని స్టార్ట్ చేసేదెట్లప్పా? ఆగితేనే గదా!" అంటూ శాఖాధిపతి మెయిన్ స్విచ్ ఆపి, భక్తిగా మళ్ళీ వేశారు. పది యంత్రాలూ గుయ్యిమన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో ప్రసాదమని బొరుగులు, బెల్లం పోశారు.

"సార్, పద్దెనిమిది దినాల లెక్క పోయింది!"

"మొదటి నక్షత్రానికి కోట్ల ఏండ్లు పట్టిందని నువ్వే చెప్తివి. ఇంకో ఇరవై దినాలకు ఎందుకబ్బా గింజుకుంటావు?"

ఫిర్యాదు రాశాను. పూజానంతరం యంత్రం సక్రమంగా స్టార్ట్ అయినట్టు విచారణలో తేలిందని జవాబు వచ్చింది. విచారణాధికారి ఆయనే.

సోమవారం నాకు పంపడానికి ఏమీ లేకపోయింది. సభ జాబితాలో నా పేరు కొట్టేశారు. అయినా లెక్క మొదటి నుంచి మళ్ళీ పెట్టాను. నక్షత్రం దీపావళి సెలవుల్లో వెలిగింది. తెర మీద చిన్న తెల్లని చుక్క. చూడ్డానికి నేను ఎవరినీ పిలవలేదు.