ఒక్క హాల్ టికెట్టు, రెండు గొంతులు

2003 జూన్‌లో పదో తరగతి సప్లిమెంటరీ పరీక్షలకు నన్ను చీఫ్ సూపరింటెండెంటుగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. సెంటరు అల్లవరం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాల. ఆ ఏడు మార్చిలో జరిగిన రెగ్యులర్ పరీక్షలకూ ఆ సెంటరు నాదే. అప్పటికి నేను అమలాపురం అవతల ఒక ఊళ్ళో హెడ్మాస్టరుని. ఒక బడి పిల్లలు రాసే సెంటరుకు ఆ బడి హెడ్మాస్టరును వేయరు. అందుకని పరీక్షల రోజుల్లో మాలాంటివాళ్ళం ముఖం తెలియని ఊళ్ళకు పోయి, ముఖం తెలియని పిల్లల మీద అధికారం చేసి వస్తుంటాం.

చీఫ్ సూపరింటెండెంటును అందరూ సి.ఎస్. అంటారు. ప్రశ్నపత్రాల పెట్టె పోలీస్ స్టేషన్లో ఉంటుంది. రోజూ పొద్దున్నే సి.ఎస్., ఆయనకు తోడుగా వేసిన డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు ఇద్దరూ వెళ్ళి, రిజిస్టరులో సంతకం చేసి, ఆ రోజు కట్ట మాత్రం తెచ్చుకోవాలి. ఇన్విజిలేటర్ల ఎదుట సీలు చూపించి, విప్పిన సమయం రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాలి. సాయంత్రానికి జవాబుపత్రాలను గుడ్డలో కట్టి, లక్క సీళ్ళు వేసి, పోస్టాఫీసులో అప్పగించాలి. ఇందులో ఏది తేడా వచ్చినా మెడకు చుట్టుకునేది సి.ఎస్.కే.

నాకు ఆ పని ఇష్టం. దాచడమెందుకు, గర్వం కూడా. నా సెంటర్లో చీమ చిటుక్కుమన్నా వినపడాలి. చెప్పుల చప్పుడు కూడా ఉండకూడదని రబ్బరు చెప్పులు వేసుకుని గదులన్నీ తిరిగేవాణ్ణి. ఏ పిల్లవాడి పెదవి కదిలినా బల్ల మీద పెన్ను మూతతో టకటకమని కొట్టేవాణ్ణి. తిట్టేవాణ్ణి కాదు. ఆ చప్పుడు చాలు, పిల్లలు బిగుసుకునేవారు. "ఆయన సెంటరు శ్మశానమేనండీ" అని స్టాఫ్ రూములో అనుకునేవారట. ఆ మాట నాకు చేరినప్పుడు నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఆ నిశ్శబ్దం పరీక్ష గదులతో ఆగలేదు. మా ఆవిడ శ్రీకాకుళం జిల్లాలో టీచరు. బదిలీలు కలవక అప్పటికి పదకొండేళ్ళుగా ఆవిడ అక్కడ, నేను ఇక్కడ. డ్యూటీ రోజుల్లో బడిలోనే సైన్సు గదిలో రెండు బల్లలు కలిపి పడుకునేవాణ్ణి. మెస్సు నుంచి క్యారేజీ వచ్చేది. నేను స్టాఫ్ రూములోకి అడుగు పెడితే అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు రిజిస్టర్లు తిరగేయడం మొదలుపెట్టేవారు. పది రోజుల్లో నాతో పనికి సంబంధం లేని మాట మాట్లాడినవాళ్ళు ఒక్కరు లేరు. నాకు అది బాధగానే ఉండేది. అయితే పెద్దరికానికి కట్టాల్సిన సుంకం అదేననుకున్నాను.

ఆ సప్లిమెంటరీలో చివరి రోజు కాంపోజిట్ కోర్సు పేపరు. తెలుగుతో పాటు కొంత సంస్కృతం కలిపి చదివేవాళ్ళు రాసేది. నామినల్ రోల్, అంటే అభ్యర్థుల జాబితా చూస్తే ఆ పేపరుకు మా సెంటర్లో ఉన్నది ఒకే ఒక్క హాల్ టికెట్టు నంబరు. ఒక ఆడపిల్ల. అసలు పేరు రాయడం భావ్యం కాదు, శారద అనుకుందాం.

ఒక్కరున్నా తతంగం తతంగమే. స్టేషనుకు వెళ్ళాం, కట్ట తెచ్చాం, సీలు చూపించాం, సంతకాలు పెట్టాం. ఆ పిల్లకోసం నేను, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు విశ్వనాథం గారు, ఇన్విజిలేటరు సత్యవతి గారు, అటెండరు, కానిస్టేబులు, మందుల పెట్టెతో వచ్చిన నర్సమ్మ, మొత్తం ఆరుగురం. ఇన్విజిలేటరుకు ఆ రోజు సబ్జెక్టు తెలిసి ఉండకూడదని నియమం. సత్యవతి గారు చిన్న తరగతుల టీచరు, సంస్కృతం ఒక్క ముక్క రాదు. అందుకే ఆవిణ్ణి వేశాం.

మేమంతా ఆ పిల్లకు చేసిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెళ్ళికూతురికి కూడా అంత పరిచర్య జరగదు. నర్సమ్మ పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు తాగించింది. విశ్వనాథం గారు ఫ్యాను కింద బల్ల వేయించారు. అటెండరు సూరిబాబు, "భయమెందుకమ్మా, ఈయేళ సెంటర్లో ఫస్టూ నువ్వే, లాస్టూ నువ్వే" అన్నాడు. దానికి ఆ పిల్ల తప్ప అందరూ నవ్వారు. తొమ్మిదిన్నరకు బెల్లు కొట్టించి, నేను గుమ్మంలో నిలబడ్డాను.

అరగంట గడిచింది. జవాబుపత్రం మీద నంబరు తప్ప ఇంకేమీ లేదు. ఆ పిల్ల అరచేతిని ఓణీకి తుడుచుకుంటోంది, పెన్ను పట్టుకుంటోంది, వదిలేస్తోంది. పది దాటాక సత్యవతి గారు నా దగ్గరకు వచ్చి మెల్లిగా చెప్పారు.

"మీరు కాసేపు గుమ్మంలోంచి తప్పుకోండి సార్. మిమ్మల్ని చూసే బిగుసుకుపోతోందండి."

"నేనేం చేశానండీ?"

"మార్చిలో దాని బల్ల మీద పెన్నుతో కొట్టేరంటండి. పెదాలు కదుపుతోందని. ఇంక ఆ రోజు చెయ్యి ఆడలేదంట."

నాకు గుర్తు లేదు. మార్చిలో ఆ సెంటరు నిండా పిల్లలు. ఎన్ని బల్లలు కొట్టానో లెక్క ఎక్కడిది? నాకు గుర్తులేని రెండు దెబ్బలు ఒక పిల్ల మూడు నెలలుగా మోస్తోంది. తప్పుకోవాల్సినవాణ్ణి లోపలికే వెళ్ళాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

రాదా అని అడిగాను. వచ్చునంది. మరి రాయవేమన్నాను.

"పైకి చెప్పుకుంటేగానీ రాదండీ."

"మనసులో అనుకో."

"మనసులో అయితే తాతగారి గొంతు రావట్లేదండీ."

నెమ్మదిగా అడిగితే సంగతి బయటికి వచ్చింది. వాళ్ళ తాతగారు వేదపండితులు. వేదం చెప్పే పద్ధతిని సంత అంటారు: గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. పుస్తకం ఉండదు, చెవీ నోరే. ఆడపిల్లకు వేదం చెప్పరు గానీ, ఆయన మనవరాలికి శబ్దాలూ శ్లోకాలూ ఆ పద్ధతిలోనే నేర్పారు. పొద్దున్నే వీధరుగు మీద కూర్చుని ఆయన ఒకసారి, ఈ పిల్ల రెండుసార్లు, ఆరేళ్ళ పాటు. మాఘమాసంలో ఆయన పోయారు. మార్చిలో పరీక్ష. పెదాలు కదుపుతూ ఆయన గొంతు తెచ్చుకుంటూండగా నేను వెళ్ళి బల్ల కొట్టాను.

మిగతా అన్నిట్లో ఫస్టు క్లాసు మార్కులు. సంస్కృతం ఉన్న పేపరు పోయింది. "వేదం ఇంట్లో పుట్టి సంస్కృతం తప్పిందర్రా" అని ఊరంతా నవ్వారట. ఆ నవ్వు భరించలేక, గుళ్ళో అర్చకులైన తండ్రి ఈసారి తప్పితే చదువు మాన్పించేస్తానన్నారు. పాసైతే అమలాపురంలో ఇంటరు. తప్పితే ఇంట్లోనే. అంతా ఈ పూటతో తేలాలి.

నేను ఆఫీసు గదికి వచ్చి సూచనల పుస్తకం తీశాను. అభ్యర్థులు గదిలో మౌనం పాటించాలని ఉంది. మినహాయింపు లేదు. పక్కవాడికి చెప్పకూడదని, పక్కవాడిని చెదరగొట్టకూడదని పెట్టిన నియమం అది. పక్కన ఉన్నవి ఖాళీ బల్లలు. మౌనం వల్ల బాగుపడేవాళ్ళెవరూ ఆ గదిలో లేరు, చెడేది మాత్రం ఒకరున్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నియమాన్ని పాటించాలా వద్దా అని ఆలోచించడం నాకు అదే మొదలు.

సెంటరు డైరీలో రాశాను: "ఏకైక అభ్యర్థి అయినందున, తనలో తాను పైకి చదువుకుంటూ రాయడానికి అనుమతించాను. బాధ్యత నాది." సమయం వేసి సంతకం పెట్టి, విశ్వనాథం గారి ముందుకు జరిపాను. ఆయన చదివి, కలం మూత కూడా తీయలేదు.

"నాకింకా పన్నెండేళ్ళ సర్వీసుందండి. ఏమీ అనుకోకండి" అన్నారు.

ఏమీ అనుకోలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

పదింపావుకు శారదతో, "పైకే చెప్పుకో అమ్మా. ఎవరూ కొట్టరు" అన్నాను. "ఆయ్" అని కూర్చుంది. నేను వరండా చివరికి, తనకు కనపడని చోటికి వెళ్ళిపోయాను.

ముందు ఏమీ వినపడలేదు. తరవాత గొంతు సవరించుకున్న చప్పుడు. ఆపైన ముసలి మగగొంతులాంటిదొకటి, మంద్రంగా, ఒక పాదం చెప్పి ఆగింది. వెంటనే ఆడపిల్ల గొంతు అదే పాదం రెండుసార్లు అంది. ఆ తరవాత కాగితం మీద పెన్ను నడిచింది. మళ్ళీ ముసలి గొంతు. మళ్ళీ పిల్ల గొంతు, రెండుసార్లు. గురువూ తానే, శిష్యురాలూ తానే అయి ఆ పిల్ల ఖాళీ గదిలో సంత చెప్పుకుంటోంది.

పది ముప్పావుకు జీపు వచ్చింది. కాపీలు పట్టుకోవడానికి తిరిగే స్క్వాడ్. ఆఫీసరు రెవెన్యూవారు, చిన్న వయసు. మెట్లెక్కుతూనే ఆగి చెవి రిక్కించారు. ఒక గొంతు చెబుతోంది, ఇంకొకటి అప్పజెబుతోంది. డిక్టేషన్ కాక ఇంకేమిటి? ఎదురువెళ్ళిన నన్ను దాటుకుని గదిలోకి దూసుకుపోయారు. తలుపు వెనక చూశారు, కిటికీ బయట చూశారు, బల్ల కింద కూడా వంగి చూశారు. లోపల గోడవారగా సత్యవతి గారు, నడిమధ్య ఆ పిల్ల, అంతే.

"రెండో మనిషి ఏడి?" అన్నారు.

"లేరండి. పోయేరు" అంది శారద.

నేను ఆయన్ని బయటికి తీసుకొచ్చి డైరీ చూపించాను. ఇది ఏ నియమం కింద ఇచ్చారని అడిగారు. ఏ నియమం కిందా కాదన్నాను. అయితే వెంటనే ఆపించమన్నారు. ఆపనన్నాను. అధికారి ఎదుట నా నోటి నుంచి ఆ మాట వచ్చింది అదొక్కసారే. మీరు వరండాలో కూర్చుని పన్నెండింటిదాకా వినండి, ఒక్క అక్షరం బయటి నుంచి అందిందనిపిస్తే పేపరు లాక్కోండి, నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి అన్నాను.

ఆయన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. లోపల నిశ్శబ్దం. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. పోయిన సమయం మళ్ళీ ఇచ్చే అధికారం నాకు లేదు. నేను అన్నేళ్ళు అపురూపంగా పెంచుకున్న నిశ్శబ్దమే, ఆ రోజు ఒక్కో నిమిషం నా గుండె మీద కూర్చుంది. పదకొండు దాటాక ఆ ముసలి గొంతు మళ్ళీ లేచింది. నేను స్తంభానికి ఆనుకున్నాను.

పన్నెండుకు బెల్లు. ఒక్క జవాబుపత్రాన్ని గుడ్డలో కట్టి, మూడు వందల పత్రాల కట్టకు వేసినన్ని లక్క సీళ్ళూ వేశాం. స్క్వాడ్ ఆఫీసరు జీపెక్కుతూ, "విన్నానండి. అయినా రాయక తప్పదు" అన్నారు. రాశారు.

గేటు బయట, జనం రాకుండా కట్టిన తాడు అవతల సైకిలు పట్టుకుని శారద తండ్రి నిలబడి ఉన్నారు. పరీక్ష ముగిసింది కనక మాట్లాడవచ్చు. పేపరు ఎలా రాసిందని ఆయన అడుగుతారనుకున్నాను. అడగలేదు.

"లోపల మా నాన్నగారు చెబుతున్నట్టే ఉందండి" అన్నారు. "రోడ్డు మీదకి వినిపించింది."

కూతురు వచ్చి సైకిలు వెనక కూర్చుంది. ఆయన ఎక్కలేదు. కళ్ళు తుడుచుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళారు.

నెలలోపు నాకు మెమో వచ్చింది. వివరణ రాసి పంపాను. నియమోల్లంఘనకు మందలింపు అని తేల్చి, నా సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు. రిటైరయ్యేదాకా మరే పరీక్షకూ నన్ను సి.ఎస్.గా వేయలేదు. అప్పట్లో పాసైనవాళ్ళ నంబర్లు దినపత్రికలో వచ్చేవి. బస్టాండులో కొని, నిలబడే వెతికాను. నంబరు ఉంది. పక్కవాళ్ళకు చెబుదామంటే ఏమని చెప్పను? ఎస్.టి.డి. బూత్‌కి వెళ్ళి మా ఆవిడ బడికి ఫోన్ చేయించాను. క్లాసులో ఉంది, పిలవలేమన్నారు. పేపరు మడిచి చంకలో పెట్టుకుని గదికి వచ్చేశాను.

పరీక్ష ముందు పిల్లలకు కలిగే భయం చదవకపోవడం వల్లనేనని అప్పటిదాకా నమ్మాను. కొంతమంది విషయంలో అది నిజం. చాలామంది విషయంలో వాళ్ళు ఎలా నేర్చుకున్నారో మేం అడగలేదు, మాకు ఎలా కావాలో అది మాత్రమే అడిగాం. ధైర్యం చెప్పడం కూడా ఒక్కోసారి ఇంకో బరువు పెట్టడమే. మేం ఆరుగురం ఆ పొద్దున చేసిందదే.

నా సొంత బడిలో ఆ తరవాత ఒక్కటే మార్పు చేశాను. అంతకుముందు పరీక్ష రోజు పిల్లలు గేటు దాటగానే నోళ్ళు మూయించేవాణ్ణి. 2004 నుంచి బెల్లుకు ముందు అరగంట వరండాలో ఎవరికి వచ్చినట్టు వాళ్ళు పైకి చదువుకోవచ్చన్నాను. చెవులు చిల్లులు పడేవి. రిటైరయ్యే రోజుదాకా ఆ గోల నాకు అలవాటు కాలేదు. ఆపించనూ లేదు.