గుండీలక్క వీడియో

ఊడిన గుండీలు, చిరిగిన జేబులు, మొరాయించే జిప్పులు బాగుచేసే ఆవిడను వీధిలో అందరూ గుండీలక్క అనే పిలుస్తారు. మెట్లకింద గది, కుట్టుమిషను, నెత్తిన ఫ్యాను, ఇదీ ఆవిడ కొలువు. ఎవరి చొక్కా ఎక్కడ చిరిగిందో ఆవిడకు తెలుసు. ఆవిడెలా ఉందో అడిగే నాథుడే లేడు.

ఉన్నది ఒక్క తమ్ముడు. అమ్మ పోయిన రోజున మాటా మాటా పెరిగి, వాడు పలకడం మానేశాడు. ఫోను మోగితే చాలు, వాడేనేమోనని చేతిలో సూది పక్కన పడేస్తుంది పిచ్చిది. తీరా చూస్తే, ప్యాంటు అయిందా అని ఎవరో అడుగుతుంటారు.

ఒక మధ్యాహ్నం ప్యాంటు ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి, గుండీలక్క డబ్బా మూతలో అన్నం పెట్టుకుని గోడవైపు తిరిగి తింటుంటే చాటుగా వీడియో తీసింది. దానికో ఏడుపుగొట్టు సంగీతం తగిలించి లోకం మీదకు వదిలింది. ఇక చూడాలి జనం తీరు! అయ్యో పాపమని కొందరు. ఫ్యాను తిరుగుతోంది, చెవులకు కమ్మలున్నాయి, ఈవిడేం పేదరాలని ఇంకొందరు. ఆ కమ్మలు గిల్టువని ఒక మహానుభావుడు తేల్చేశాడు, తానే కొనిపెట్టినట్టు. పేదరికాన్ని జానలేసి కొలిచారు గానీ, గోడవైపు తిరిగి ఎందుకు తింటోందని ఒక్కరూ అడగలేదు. ఎదురుగా మనిషే లేనప్పుడు ఎటు తిరిగి తింటేనేం?

గుండీలక్క ఆ రాతలన్నీ ఓపిగ్గా చదివింది. కోపం తెచ్చుకోలేదు. వాటిలో తమ్ముడి పేరు వెతుక్కుంది, కనబడలేదు.

మర్నాడు ఫోను మోగింది. వాడే.

"అక్కా, ఏంటీ పని? మా అత్తగారి ఇంటివాళ్ళంతా చూశారు. తోడబుట్టిన దానికి తిండి పెట్టనివాణ్ణని నా గురించి చెప్పుకుంటున్నారు. ముందు దాన్ని తీసేయించు."

వాడు తిడుతున్నంతసేపూ ఆవిడ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. మధ్యలో వాడు దగ్గాడు.

"జలుబు చేసిందా నాన్నా?"

 వాడు రేపటికల్లా తీయించకపోతే మళ్ళీ ఫోన్ చేస్తానని బెదిరించి పెట్టేశాడు.

సాయంత్రం ఆ అమ్మాయి ప్యాంటు కోసం వచ్చింది. తప్పయిపోయిందని తల వంచుకుని, వీడియో ఇప్పుడే తీసేస్తానంటూ ఫోను బయటికి తీసింది. గుండీలక్క దారం కొరికి, ప్యాంటు మడతపెట్టి చేతికిచ్చింది.

"ఉండనీ తల్లీ. తీసేస్తే మా తమ్ముడు మళ్ళీ ఫోన్ చెయ్యడు."