బట్టల దుకాణంలో ఎర్ర చేప

నా తెలివి మీద నాకున్న నమ్మకం ఎన్ని ప్రాణాలు తీసిందో ఇప్పుడు చెప్తాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు, హన్మకొండ అంతా నవ్వేశాకే మీ వంతు వచ్చింది.

అది పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది. మాది బట్టల దుకాణం, తరతరాలుగా నీసు, అంటే చేపా మాంసమూ, ముట్టని ఇల్లు. ఆ ఇంట్లో పుట్టిన నేను అద్దాల తొట్టిలో పరకలు పెంచి, చేపతొట్ల దుకాణం పెడతానన్నాను. పరకలంటే మన చెరువుల్లో తళతళలాడే చిన్న చేపలే. పట్నం నుంచి బంగారు చేపలు ఎవడైనా తెస్తాడు, నాలాంటి మేధావి చేసే పనా అది?

బాపు ఒకటే షరతు పెట్టాడు. "దసరా దాక చూస్త. చేపపిల్లలు పెరిగితె ముంగటి గది నీది. లేకుంటె బట్టలు కొలుసుకుంట గద్దె మీద కూసో."

పరకలు తమ గుడ్లు తామే తింటాయని ఎక్కడో చదివాను. అందుకని తొట్టి అడుగున గోలీలు పరిచాను. గుడ్లు సందుల్లోకి జారగానే తల్లిదండ్రులను బకెట్లోకి మార్చేశాను. కొద్ది రోజులకే తొట్టి నిండా పిల్లలు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? అవి కాస్త ఎదిగాక, వడ్డేపల్లి చెరువు ఒడ్డున దొరికిన ఎర్రటి చేపపిల్లను అందం కోసం వాటి మధ్య వదిలి, రాణి అని పేరు పెట్టాను.

పిల్లలు తగ్గసాగాయి. పక్కింటి పిల్లిని అనుమానించి తొట్టికి వల కట్టాను. అమ్మ దిష్టి అంటూ నిమ్మకాయ కట్టింది. రాణి మాత్రం జానెడైంది. ఎరుపు పోయి నల్లబడితే, వయసుతో వచ్చిన హుందాతనం అనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే ఆ దొంగకు రోజూ వానపాములు తినిపించాను.

దసరా బేరాల మధ్య తొర్రూరు రైతు మల్లయ్య దుకాణం మూలనున్న తొట్టిలోకి తొంగి చూశాడు. అందులో మిగిలింది రాణి ఒక్కతే.

"చిన్న సేటు, కొర్రమట్టను మంచిగ సాదినవ్. ఇంకో రెణ్ణెల్లయితె కూరకు అక్కరకొస్తది."

కొర్రమట్టంటే కూరకు పేరుపడ్డ కొరమీనే. బాపు మెల్లగా లేచాడు. మరి పరకలేమయ్యాయని నేను అడిగాను.

"దాని కడుపుల ఉన్నయ్. పిల్లప్పుడు ఎర్రగుంటది గద, మా ఇంట్ల చంటిదానికి గూడ ఎరుకే."

దుకాణమంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. బాపు తొట్టిని మల్లయ్య చేతిలో పెట్టి, దుకాణమంతా పసుపునీళ్లు చల్లించి, నావైపు చూడకుండానే ఒక్క మాటన్నాడు. "గద్దెక్కు."

ఎక్కాను, ఇంకా దిగలేదు. ఆ గద్దె సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఏ ప్రాణినైనా ఇంటికి తెచ్చేముందు, దాన్ని వండుకుని తినేవాళ్లను అడిగే తెస్తాను.