మన ఊరికి పోయి వచ్చాం

పోయిన దసరాకు ముందు మా ఆయన నన్ను ఒక్క మాట అడగకుండా మా ఇల్లు ఇచ్చేస్తానని మాటిచ్చి వచ్చాడు. ఇల్లంటే షోలాపూర్ నీలం నగర్‌లో రెండు గదులు, పైన రేకులు. మా వెనక కార్ఖానా నడిపే అతను తన సాంచెలకు, అంటే కరెంటు మగ్గాలకు, జాగా చాలక ఎప్పటినుంచో దాన్ని అడుగుతున్నాడు.

"మాటిచ్చిన," అన్నాడు చెప్పులు విప్పుతూ.

"ఎవరికి? ఏమని?"

"ఇల్లు ఇస్తమని. పండుగ పోయినంక కాగితాలు."

"నన్ను అడిగినవా?"

"అడిగేదేంది? మన ఊరికే గద పోతున్నం."

"నీ ఊరు. నేను ఈడ పుట్టిన."

"పెండ్లయినంక ఆడిదానికి మొగని ఊరే ఊరు."

"మొగడు అరవై ఏండ్ల సంది ఈడనే ఉన్నడు గద?"

దానికి ఆయన అరిచాడు.

ఆ 'మన ఊరు' కరీంనగర్ వైపు ఒక పల్లె. ఆయన అక్కడ బతికింది ఏడేళ్లు, షోలాపూర్‌లో అరవై ఒక్క ఏళ్లు. నేను ఇక్కడే జోడ్‌భావి పేట్‌లో పుట్టినదాన్ని. ఆ పల్లెను చూసింది రెండుసార్లు, పెళ్లయిన కొత్తలో ఒకసారి, మా మామ పోయినప్పుడు ఒకసారి. అయినా నలభై మూడేళ్ల కాపురంలో నేను ఏది అడిగినా ఆ ఊరే అడ్డం వచ్చింది. రేకులు తీసి స్లాబు వేయిద్దామంటే, "ఊరికి పోయేదే ఉన్నది గద, ఈడ ఖర్చు కశాలా?" అనేవాడు. ఎందుకు అనే మాట ఆయన మరాఠీలోనే అడుగుతాడు. ఊరి మీద ప్రేమ మాత్రం తెలుగులో ఒలకబోస్తాడు. ఒక వానాకాలం పడమటి గోడ ఉబ్బితే దానికి వెదురు గడ ఆనించి, "ఇంకెన్నాళ్లుంటమే" అన్నాడు. ఆ గడ మీద పదకొండేళ్లు బట్టలు ఆరేశాను.

మా ఒక్క ఇంటి సంగతే కాదిది. మా వీధిలో ఒకరి స్నానాల గదికి తలుపు లేదు, ఇంకొకరి మెట్లు సగంలో ఆగాయి. అందరూ ఊరికి పోయేవాళ్లే. పోయినవాడిని నేనింతవరకు చూడలేదు.

మోకాళ్లు మొరాయించి కార్ఖానా మానేశాక మా ఆయనకు ఆ జబ్బు ముదిరింది. పల్లెలో ఆయన చిన్నాయన కొడుకు ఉన్నాడు. ప్రతి పండక్కీ ఫోన్ చేస్తాడు. "అన్నా, ఎన్నేండ్లుంటవే ఆ దేశంల? నీ జాగ నీకున్నది. నా ఇంటి పక్కన్నే రెండు అర్రలు ఏసుకో, కలిసుందాం." ఫోన్ పెట్టేశాక మా ఆయన కళ్లు తుడుచుకునేవాడు. పనికి పోయే రోజుల్లో ఒకసారి తుడుచుకుని షిఫ్టుకు వెళ్లిపోయేవాడు. పని మానేశాక తుడుచుకోవడమే పనైంది.

నేను ఒక షరతు పెట్టాను. "సంతకానికి ముందు నేను పోయి చూస్త. నీళ్లు, దవాఖాన, అంగడి, అన్ని చూస్త. నచ్చకుంటే వేలుముద్ర గూడ ఎయ్య."

"చూడు, చూడు. మళ్ల రాననకు," అన్నాడు గెలిచినవాడిలా.

షోలాపూర్ చద్దరు దుప్పట్లు నాలుగు, ఒక డబ్బా పల్లీల పొడి మూట కట్టుకుని రైలెక్కాం. తాండూరు రాగానే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "చూసినవా, ఈ పక్క గాలి తీరే వేరే," అన్నాడు. సిమెంటు బస్తాల గూడ్సు బండి మా పక్కనే ఆగి ఉంది. ఆయన మీసం తెల్లబడింది. అంతకుముందే సగం తెలుపు కాబట్టి నేనేమీ అనలేదు.

చిన్నాయన కొడుకు బస్టాండుకు వచ్చి అన్నను కావలించుకున్నాడు. ఇల్లు చూస్తే కింద టైల్సు, పైన స్లాబు, మేడ మీదికి పూర్తి మెట్లు. ఊళ్లో ఉన్నవాడికి ఊరికి పోయే పని ఉండదు కదా, ఏదీ ఆపుకోకుండా కట్టుకున్నాడు. అతని భార్య మేం తెచ్చిన చద్దర్లు దాచడానికి బీరువా తెరిచింది. లోపల అన్నీ మా చద్దర్లే. మా అత్త మోసుకొచ్చినవి, మేం ఎవరెవరి చేతో పంపినవి, ఒక్కదాని కవరూ విప్పలేదు.

"మస్తు గట్టియి అక్కా మీ చద్దర్లు," అంది.

వాడనిది ఏదైనా గట్టిగానే ఉంటుంది.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం దగ్గర కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అంతే, పక్కింటి ఆడమనిషి కొంగు దోపుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఏమైందొదినా? కొట్లాటనా?"

"లేదు, మా బావ నీళ్లడిగిండు," అంది ఈ ఇంటావిడ.

"నీళ్లకేనా?" అని ఆమె కాసేపు చూసి, నమ్మకం కుదరకుండానే వెళ్లింది.

మా పేటల్లో అరుపుకు కోపంతో పని లేదు. సాంచెల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లం, ఉప్పు అందుకోమన్నా పక్క వీధికి వినిపించేలాగే అంటాం. కార్ఖానా లోపల ఆ అరుపు కూడా చాలదు. అక్కడ ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవాలి. ఆయన సాంచెలు నడిపాడు, నేను అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టాను. గొంతు విప్పకుండా ఆ మూల నుంచి ఈ మూలకు తిట్టుకున్న రోజులు మాకున్నాయి. ఇదంతా ఈ ఊరివాళ్లకు ఎవరు చెబుతారు? వాళ్లకు మేం ఒర్లేవాళ్లం, అంతే.

మర్నాడు పొద్దున మేమిద్దరం అరుగు మీద చాయ్ తాగుతున్నాం. వాకిలి చివర బోరు మోటారు నడుస్తోంది. తమ్ముడూ అతని భార్యా అక్కడ డ్రమ్ములు నింపుకుంటూ మా వైపు తిరిగి మాట్లాడుకుంటున్నారు. మోటారు చప్పుడులో తమ మాట ఎవరికీ చేరదని వాళ్ల ధైర్యం. చప్పుడులోనే మాకు మాట తెలుస్తుందని వాళ్లకేం తెలుసు?

"నా తల పలుగుతుంది. రోజు గిట్ల ఒర్లితె మనం ఏడికి పోవాలె?" అంది ఆమె.

"మెల్లగ."

"నువ్వే పిలిచినవ్ గద!"

"పిలిచిన. ఏటేటా పిలుస్త. వస్తరనుకున్ననా?"

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ మనిషి తప్పేముంది? అతను ఏటేటా రమ్మన్నాడు, మా ఆయన ఏటేటా వస్తానన్నాడు. ఇద్దరూ ఇన్నేళ్లుగా మర్యాద తప్పలేదు. నిజంగా రైలెక్కి వచ్చి మర్యాద తప్పింది మేమే.

పక్కకు చూస్తే మా ఆయన చేతిలో సాసరు సగంలో ఆగి ఉంది. ఆయన నా వైపు తిరిగి గొంతు లేకుండా పెదాలతో అడిగాడు.

"చూసినవా?"

"చూసిన."

"ఏమన్నడు?"

తను చూసిందేమిటో ఆయనకు తెలుసు. నా కళ్లకు ఇంకొంచెం మంచి మాట ఏదైనా దొరికిందేమో అని ఆశ. నేను తగ్గించి చెప్పే రకాన్ని కాదు. అన్నది అన్నట్టు చెప్పాను. ఆయన సాసరు కింద పెట్టాడు. ఆ పల్లె కోసం ఎన్నోసార్లు తుడుచుకున్న కళ్లు అప్పుడు మాత్రం పొడిగా ఉన్నాయి.

"పోదామా?" అన్నాడు, పెదాలతోనే.

"పోదాం."

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏందన్నా, ఇద్దరు సప్పుడే చేస్తలేరు?"

"చాయ్ మంచిగున్నది తమ్మీ," అన్నాడు మా ఆయన. అంత మెల్లని గొంతు ఆయనలో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

జాగా చూడటానికి మాత్రం వెళ్లాం, వచ్చిన పని కదా. మా ఆయన దాని నాలుగు మూలలూ నడిచి, బోరు నీళ్లు దోసిట్లో పట్టి పుక్కిలించి ఉమ్మేశాడు.

"నీళ్లు ఉప్పగున్నయి తమ్మీ. నా మోకాళ్లకు పడయి."

"అయ్యో, నీళ్లదేముందన్నా! ఫిల్టర్ పెట్టుకుందాం. ఉండరాదే! ఒదినా, నువ్వన్న చెప్పు."

ఎంత బతిమాలాడో! గుండె మీది బరువు దిగినవాడు బతిమాలినట్టు ఇంకెవరూ బతిమాలలేరు. అతని భార్య అయితే దారిలోకి మక్క గారెలు చేసి కట్టింది. అవి బాగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

తిరిగొచ్చిన రెండో రోజే కార్ఖానా అతను వచ్చి కూర్చున్నాడు. "కాకా, కాగితాలు ఎప్పుడు చేద్దాం?"

"ఆడ నీళ్లు బాగలేవు బేటా."

"అరే కాకా, ఈడ నల్లా ఎన్నడొస్తదో దేవునికే తెల్వదు. ఈ నీళ్లు అమృతమా?"

మా ఆయన మోకాళ్లు రుద్దుకున్నాడు. ఇచ్చిన మాట అలా గాలిలో ఉంది. తమ్ముడే వద్దనుకున్నాడని ఆయన చావనైనా చస్తాడు గానీ చెప్పడు.

"ఇల్లు ఇయ్యం. ఆయన ఇస్తనన్నడు, నేనియ్య," అన్నాను.

"కాకూ, మాటిచ్చిన్రు గద..."

"నేనియ్యలే. నన్ను అడిగినవా నువ్వు?"

అతను విసురుగా లేచి వెళ్లాడు. మర్నాటికల్లా వీధి వీధంతా, పాపం ఆ పెద్దాయన మన ఊరికి పోతానంటే ఈ ముసలిది పోనివ్వలేదట, అని చెప్పుకుంది. మా ఆయనే దగ్గరుండి చెప్పాడు. చాయ్ కొట్టు దగ్గర ఆయన గొంతు మా ఇంటికి వినబడుతుంది. నేను ఊరుకున్నాను. ఇల్లు నా దగ్గరుంది, కథ ఆయన దగ్గరుంటే నాకేం నష్టం?

కాకపోతే ఇక 'ఊరికి పోయేది' అనే మాట మా ఇంట్లో చెల్లదు. ఆ వారమే మేస్త్రీని పిలిచి పడమటి గోడ కొత్తగా కట్టమన్నాను, వంటింట్లో నిలబడి వండుకునే గట్టు కూడా వేయమన్నాను. అతను టేపు లాగి కొలుస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి కొత్త సాకు వెతుక్కున్నాడు. చివరికి దొరికింది.

"ఇంకెన్నేండ్లు బతుకుతమే? ఎట్లయినా పైకి పోయేదే ఉన్నది గద, గట్టు కశాలా?"

"ఆ ఊరికి నువ్వు ముందుగాల పో," అన్నాను. "గట్టు ఎండినంక నేను నిమ్మళంగ వస్త."

మేస్త్రీ నవ్వాపుకోలేక టేపు వదిలేశాడు. కొలత మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది. ఎత్తు ముప్పై రెండు అంగుళాలు పెట్టమని నేనే చెప్పాను.