కొమురమ్మ చేతి సోయాజున్ను

చెల్పూర్ రోడ్డు మీద నూడుల్స్ బండి నడిపిన కొమురమ్మ మొన్న సోమవారం కన్నుమూసిందని ఆమె కొడుకు రాజయ్య వచ్చి చెప్పాడు. ముందు రోజు కూడా రోడ్డుకు అవతల ఆమె గరిటె చప్పుడు విన్నాను. ఆ చప్పుడు ఆగిపోవాలని ఏళ్లుగా కోరుకున్నవాణ్ణి నేనే.

మా గడీ, దొరల కోటలాంటి ఇల్లు, బచ్చన్నపేట దగ్గర ఉండేది. మా నాయనమ్మ వంటశాలలో కొమురమ్మ తల్లి పప్పు రుబ్బేది. భూములూ గడీ పోయాక విద్యుత్కేంద్రం కార్మికుల కోసం నేనిక్కడ భోజనశాల తెరిచాను. తర్వాత ఎదురుగా ఆమె బండి వచ్చింది. ఏడాది తిరగకుండానే నా బల్లలు ఖాళీ అయ్యాయి. అసూయపడ్డాను. ఆమె పోయాక ఆ మాట దాచడం మర్యాద కాదు.

నా బల్లలు ఖాళీ చేసిన ఆ వంట ఆమెకు పొరపాటున అబ్బింది. రాజయ్య హనుమకొండలో పన్నీరనుకొని టోఫు కొనుక్కొచ్చాడట. "గిదేం పన్నీరురా, పాల వాసనే లేదు" అని కసిరింది. సోయా గింజలతో చేస్తారని తెలిశాక ఊరుకోలేదు. గింజలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి కాచి, నిమ్మరసంతో విరిచి, గుడ్డలో కట్టి బరువు పెట్టింది. దానికి సోయాజున్ను అని పేరు పెట్టుకుంది. ముక్కలు వేయించి నువ్వులపొడి అద్ది, నూడుల్స్‌లో కలిపి, పక్కన పచ్చిపులుసు పోసి ఇచ్చేది. కాల్చిన మిరపకాయ నలిపి వేసే ఆ పులుసు మా నాయనమ్మది. ఎవరడిగినా "గిది దొరలింటి పులుసు" అని చెప్పేది. దొంగిలించి దాచుకున్నా నాకంత బాధ ఉండేది కాదు.

ఒక పొద్దున తలుపు వేసుకొని నేనూ సోయాజున్ను చేసి చూశాను. పచ్చివాసన కొట్టింది. పారబోశాను. కాసేపటికి ఆమె గుమ్మం దగ్గరకు వచ్చి, లోపలికి చూడకుండా, "పాలు మంచిగ మరగాలె దొరా. తొందరపడితే వాసన పోదు" అంది.

"ఏం పాలు?" అన్నాను.

"ఏ పాలైనా గంతే" అని వెళ్లిపోయింది.

ప్రతి ఆదివారం ఒక పళ్లెం తెచ్చి నా బల్ల మీద పెట్టేది. "ఒక్కపారి తిని ఎట్లున్నదో చెప్పుండ్రి. గా పులుసు రుచి ఎరిగినోళ్లు మీరొక్కరే మిగిలిండ్రు."

"మా ఇంట్లో బండి తిండి తినరు."

"ఇల్లు ఏడున్నది దొరా?" అని నవ్వింది ఒకసారి. ఆ తర్వాత కూడా పళ్లెం మానలేదు. నేను ముట్టలేదు.

మూడో రోజు వాగు ఒడ్డున పిట్టముట్టుడు. పోయినవారికి ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందంటారు. రాజయ్య సోయాజున్నూ పచ్చిపులుసూ తానే చేసి తెచ్చి పెట్టాడు. కాకులు కొమ్మ దిగలేదు. చెల్లెను మంచిగా చూసుకుంటానని మొక్కాడు. దిగలేదు. "ఏం మనసుల పెట్టుకొని పోయిందో" అంది ఒక ముసలామె. రాజయ్య నావైపు చూశాడు.

గిన్నెలో మిగిలింది చేతిలోకి తీసుకొని, అందరి ముందూ నిలబడి తిన్నాను. "మంచిగున్నది, కొమురమ్మా" అన్నాను.

కాకి దిగింది.

కాని నేను తిన్నది రాజయ్య చేతి వంట. పులుసులో ఉప్పు తక్కువైంది. ఆమె చేతి రుచి చెల్పూర్‌లో ప్రతి కూలివాడికీ తెలుసు. నాకు తెలియదు. ఇప్పుడు నా అసూయ వాళ్ల మీద.