కిటికీ మూసి వండిన పాస్తా

మా వంటింటి కిటికీకి రెండు గొళ్లాలున్నాయి. ఒకటి ఇంటితో పాటు వచ్చింది. రెండోది నేను పెట్టించుకున్నాను.

నల్లగొండలో ఈ మేడ మీది వాటాలోకి కిరాయికి వచ్చి పదకొండేళ్లవుతోంది. వచ్చిన రోజు కింది ఇంటావిడ మెట్ల దగ్గర నిలబడి, తాళంచెవి నా చేతిలో పెట్టబోతూ ఆగింది. "కోడి, మేక ఏదన్న వండుకోన్రి, మాకేం లేదు. గా పెద్దకూర మాత్రం మా ఇంట్ల వండొద్దు" అంది. బీఫ్‌ను మా వైపు పెద్దకూర అంటారు. మా ఆయన తల వంచుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. నేనే ముందుపడి "మేం తినమండి" అన్నాను. ఆమె వండొద్దని మాత్రమే అడిగింది. 'వండం' అంటే సరిపోయేది. 'తినం' అని ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అబద్ధానికి నన్నెవరూ బలవంతపెట్టలేదు, సొంతంగా చేసుకున్నదే.

ఆ రోజు నుంచి కోడికూర వండినా కిటికీ మూస్తాను. ఆ వాసన ఏమిటో అని ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని భయం. ఎండాకాలంలో వంటింట్లో చెమటతో తడిసి ముద్దవుతాను, కిటికీ మాత్రం తెరవను. ఆదివారం చర్చి అయిపోయాక మిగతా ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు పోయి తింటారు. నేను ఎవరింటికీ పోను, ఎందుకంటే పోతే వాళ్లనూ మా ఇంటికి పిలవాలి, పిలిస్తే పెద్దకూర మాట వస్తుంది. మొదట్లో పిలిచారు, తర్వాత మానేశారు. వాళ్లది తప్పని అనను. సోమవారం ఆఫీసులో అన్నం డబ్బాలు తెరిచినప్పుడు "నిన్న ఏం వండిన్రు మేడం?" అంటే "చికెన్" అంటాను. పదకొండేళ్లుగా ప్రతి సోమవారం అదే జవాబు. అడిగేవాళ్లకు విసుగు రాలేదు గానీ నాకు వచ్చింది.

మాది ఆలేరు. మా బాపు రైల్వే స్టేషన్ పక్కన మార్కెట్లో బస్తాలు మోసేవాడు. ఆదివారం ప్రార్థన అయిపోగానే మోదుగాకుల్లో కట్టించుకుని పెద్దకూర తెచ్చేవాడు. అమ్మ సగం వండి, సగం పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, వాకిట్లో బట్టలారేసే తీగ మీదే ఆరేసేది. వాటిని తునకలనేవాళ్లం. నా పని కర్ర పట్టుకుని కాకులను తోలడం. రోడ్డు మీద పోయేవాళ్లు చూసేవాళ్లు, చూడనీ అనుకునేది అమ్మ. కూర దించగానే వాకిట్లోకి వచ్చి ఒక్క కేక వేసేది. ఆ కేక వాడ చివరి దాకా వినిపించేది. ఆటలో ఉన్న నాకే కాదు, పక్కింటి పిల్లలకు కూడా అన్నం వేళయిందని తెలిసేది.

ఆ అమ్మకు పోయిన ఏడాది నల్లగొండ దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించి, పది రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాను. నల్ల అద్దాలు పెట్టుకుని, ముందు గదిలో కుర్చీలో, ఎవరింటికో వచ్చినట్టు ఒద్దికగా కూర్చునేది. గట్టివి నమలొద్దని డాక్టర్ చెప్పాడు. అసలు నమలడానికి పళ్లూ పెద్దగా లేవు. మందులకు నాలుక చచ్చిపోయిందని పూటపూటా పెరుగన్నమే తినేది, అదీ రెండు ముద్దలు. నేను కోప్పడేదాన్ని. "తినకపోతే గోలీలు ఎట్ల పనిచేస్తయమ్మా" అంటే, "తింటున్న గదనే" అని గిన్నె పక్కన పెట్టేది.

తొమ్మిదో తరగతి చదువుతున్న నా బిడ్డకు ఆ శనివారం ఒక ఆలోచన వచ్చింది. ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"మమ్మీ, బర్గర్ పాస్తా చేద్దాం. అచ్చం బర్గర్ టేస్టే ఉంటదంట, క్రీమ్ తోని. అవ్వ నమిలే పనే లేదు, మింగుడే."

ఏమేం కావాలో చదవమన్నాను. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, టమాటా సాస్, మస్టర్డ్, పికిల్, చీజ్, క్రీమ్ అని చదువుకుంటూ పోయి ఒక చోట మూతి తిప్పింది. "గ్రౌండ్ బీఫ్ అంట. ఛీ, మనం తినం కదా."

నేను స్టవ్ తుడుస్తున్నదాన్ని తుడుస్తూనే ఉన్నాను. ఎప్పుడో ఇంటావిడ కోసం అన్న మాట నా బిడ్డకు నిజమై కూర్చుంది. ఆ 'ఛీ' కూడా నా ఇంట్లోనే నేర్చింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు లేదు.

అది ఫోన్ తీసుకుని అవ్వ దగ్గరికి పోయి వీడియో చూపించింది. నల్ల అద్దాల్లోంచి ఆమెకు సరిగా కనిపించదని, అంతా నోటితో వివరంగా చెప్పింది. బయటి దేశాల్లో పెద్దకూర కీమా కొట్టి, పాలమీగడతో ఉడికించి, ఇట్లా సేమ్యా లాంటిదాంట్లో కలుపుతారని. మా అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"కీమానా? మెత్తగుంటది గద" అంది. తర్వాత నా వైపు తిరిగి, "తిని ఎన్నేండ్లాయెనో. పండ్లు పోయినంక తునకలు ముట్టనే లేదు" అంది. చేసిపెట్టు అనలేదు. ఆమె ఎన్నడూ అడగదు. అదే నాకు కోపం, అదే నాకు ఏడుపు.

సంచీ తీసుకుని బయలుదేరాను. ఆ రోజు నేను నిజంగానే పెద్దకూర తేవడానికే పోయాను. అది మాత్రం ఒట్టు. కిటికీ ఎట్లాగూ మూసే ఉంటుంది, చీజ్ వాసనలో ఏదీ తెలియదు, ఒక్క పూట మా అమ్మ కడుపునిండా తింటుంది అనుకుంటూ నడిచాను. సూపర్ మార్కెట్లో పాస్తా, చీజ్ ముక్కలు, టమాటా సాస్ కొన్నాను. అక్కడి నుంచి పెద్దకూర కొట్టున్న సందు మొదటికి వచ్చాను. కొట్టు కనిపిస్తోంది. ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇరవై అడుగులు వేస్తే చేరతాను.

సందు మలుపులో కూరగాయల బండి దగ్గర మా కింది ఇంటాయన వంకాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి, "ఏంది మేడం, ఇటొచ్చిన్రు?" అని మామూలుగానే అడిగాడు.

"టమాటలకండి" అన్నాను. అక్కర్లేని టమాటాలు కిలో కొన్నాను. అతను పోయేదాకా ఆగి సందులోకి పోవచ్చు. ఆగాను కూడా. అతను పోయాడు. అయినా నా కాళ్లు అటు పడలేదు. వెనక్కి వచ్చి, మెయిన్ రోడ్డు మీద చికెన్ సెంటర్‌లో అర కిలో కీమా కొట్టించుకున్నాను.

వంట మాత్రం సంబరంగానే జరిగింది. మస్టర్డ్ సాస్ దొరకలేదని ఆవాలు నూరాను. పికిల్ అంటే ఏదో ఊరేసిన దోసకాయ ముక్కలట. నా బిడ్డ "పికిల్ అంటే తొక్కే గదా" అని నేను చూసే లోపలే చెంచాడు మామిడికాయ తొక్కు గిన్నెలో వేసింది. తిట్టబోయి రుచి చూశాను. బాగుంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేయించి, కీమా వేసి, సాస్ పోసి, పాలూ నీళ్లూ కలిపి పాస్తా అందులోనే ఉడికించాను. అమ్మ కోసం ఇంకో పది నిమిషాలు ఎక్కువే ఉంచాను. చివర మీగడ, చీజ్ వేశాక చిక్కబడింది. బర్గర్ బన్ను మీద ఉంటాయని నా బిడ్డ పైన నువ్వులు చల్లింది.

ఏడు గంటలకు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. నలుగురం చాప మీద కూర్చున్నాం. అమ్మకు గిన్నెలో వేసి చెంచా ఇచ్చాను. ఒక చెంచా తిన్నది. ఇంకొకటి తిన్నది. అప్పుడు చెంచా ఆపి, వంటింటి కిటికీ వైపు తల తిప్పి, నా చెవి దగ్గరికి వంగింది.

"పెద్దదేనా బిడ్డా?"

అంత మెల్లగా మా అమ్మ మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. మేం ఎన్నడూ చెప్పకపోయినా, ఈ ఇంట్లో ఆ మాట గట్టిగా అనకూడదని ఆమెకు తెలిసిపోయింది.

"అవునమ్మా, పెద్దదే" అన్నాను.

నా బిడ్డ నోరు తెరిచి, నా మొహం చూసి మూసుకుంది. మా ఆయన తల వంచుకుని తింటున్నాడు. అమ్మ గిన్నె ఖాళీ చేసి మళ్లీ చాచింది. మందులూ, చీజూ, తొక్కూ కలిసి ఆమె నాలుకను మోసం చేశాయి, లేదా నా మాట చేసింది. "నాలుక మల్లొచ్చినట్టున్నదే" అని నవ్వింది. ఆ పది రోజుల్లో ఆమె నవ్వడం అదొక్కసారే. 

గిన్నెలు సర్దేటప్పుడు నా బిడ్డ అడిగింది. "మమ్మీ, అవ్వకు అట్ల ఎందుకు చెప్పినవ్? మనం తింటమా?"

జవాబు చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ రాదు. "అవ్వోల్లు తింటరు" అన్నాను. అవ్వోల్లంటే ఎవరో, అందులో నేను ఉన్నానో లేదో దానికి చెప్పలేదు. అది చదువుకోవడానికి పోయింది.

మర్నాడు పొద్దున ఇంటావిడ కరివేపాకు ఇవ్వడానికి పైకి వచ్చింది. మనిషి చెడ్డది కాదు, చెట్టు నుంచి ఆకు కోసినప్పుడల్లా తెచ్చిస్తుంది. "నిన్న ఏం వండిన్రు? మంచి వాసనొచ్చింది" అంది. రెండు గొళ్లాలు పెట్టినా వాసన కిందికి పోయిందన్నమాట.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. గబుక్కున లేవొద్దని డాక్టర్ చెప్పినా లేచింది. రెండు చేతులూ దగ్గరగా పెట్టుకుని, "కోడికూరమ్మా. వట్టి కోడికూరనే. మేం వేరేది ముట్టం" అంది. 

ఇంటావిడ "అట్లనా" అని నవ్వి దిగిపోయింది. అమ్మ నా వైపు చూసింది. నల్ల అద్దాల వెనక కళ్లు కనిపించలేదు గానీ, నన్ను ఆదుకున్నానన్న నమ్మకం ఆమె మొహం నిండా ఉంది. కోడికూరని ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నా కోసం అబద్ధం చెబుతున్నాననుకుని చెప్పింది. ఈ వయసులో, ఆపరేషనైన కంటితో, తన బతుకంతా తిన్నదాన్ని 'ముట్టం' అని చేతులు కట్టుకుని చెప్పింది. నేను కరివేపాకు పట్టుకుని నిలబడ్డాను.

అది కోడేనని ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు. చెబితే ఆ ఒక్క నవ్వు కూడా మిగలదు.

ఇప్పుడు ఆలేరు నుంచి ఫోన్ చేస్తే వానల గురించి, చర్చిలో పెళ్లిళ్ల గురించి, మోకాళ్ల గురించి గట్టిగా, నేను ఫోన్ చెవికి దూరంగా పెట్టుకునేంత గట్టిగా మాట్లాడుతుంది. అంతా అయిపోయాక గొంతు సగానికి దించుతుంది. "బిడ్డా, గా పాస్తా... గదే, పెద్దదాంతోని చేసినవ్ గద. మల్లెప్పుడు చేస్తవ్?"

అది ఆమె సొంత ఇల్లు, ఆమె వాకిలి, తునకలారేసిన తీగ ఇప్పటికీ అక్కడే ఉంది. అడిగేవాళ్లెవరూ లేరు. అయినా ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి నా కోసం గుసగుసలాడుతుంది. గట్టిగా చెప్పమ్మా అందామని ప్రతిసారీ అనుకుంటాను. కింద ఇంటావిడ వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. "చేస్తనమ్మా" అని నేనూ అంతే మెల్లగా అంటాను.