పాప అరికాళ్ల మసి

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. అది నేను కొని తెచ్చుకున్నది కాదు, మా బాపు దగ్గర నుంచి వచ్చింది. ఆయన భూగర్భ గనిలో పనిచేశాడు. పని చోటుకు చేరగానే ముందు కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వినేవాడట. గట్టి చప్పుడైతే కింద నిలబడొచ్చు, డొల్ల చప్పుడైతే వెనక్కి రావాలి. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. కొత్త డాక్టరైనా, కొత్త పాలవాడైనా, పెళ్లిచూపులకొచ్చిన మా ఆయనైనా సరే, బాపు ముందు తట్టి చూడాల్సిందే. మోకాళ్లు పోయి మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. దాంతోపాటు ఆ గుణమూ వచ్చింది.

నాకు గోదావరిఖనిలోనే స్టోర్సులో జనరల్ షిఫ్టు. పొద్దున ఎనిమిదికి హాజరు వేయాలి, సాయంత్రం ఐదు దాకా కదలడానికి లేదు. మా ఆయన ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు, వారానికో షిఫ్టు మారుతుంది. పాపకు పది నెలలు వచ్చేదాకా మా అమ్మ చూసుకుంది. తర్వాత అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. వంగొద్దు, బరువు ఎత్తొద్దు అన్నారు. పాపేమో అప్పటికే బియ్యం మూటంత బరువు.

జైపూర్ దగ్గరి ఊళ్లో ఉండే మా అత్త వెంటనే ఫోన్ చేసింది. “పిల్లనిటు తోలుండ్రి. నా మనుమరాలు నా దగ్గర్నే పెరుగుతది. నువ్వు బేఫికర్‌గ డ్యూటీ చేస్కో” అంది. ఆమె ప్రేమలో నేను తప్పు పట్టను. కానీ పాపను అక్కడ వదిలితే నేను ఆదివారాల తల్లినవుతాను. అది నాకు చచ్చినా ఇష్టం లేదు. ఉద్యోగం మానేద్దామా అంటే, బాపు తన మోకాళ్లు పోగొట్టుకుని ఇచ్చిన ఉద్యోగం అది. ఇక మిగిలింది కాలనీ చివరున్న డే కేర్ సెంటర్ ఒక్కటే. మా ఆయన ఒక మాట తేల్చి చెప్పాడు. “నెల రోజులు చూద్దాం. నీకు మనసున పట్టకపోతే మా అవ్వ వచ్చి పిల్లను తీస్కపోతది. మళ్ల ఏడ్సుడు లేదు.” అవ్వ అంటే వాళ్లమ్మ, మా అత్తే.

సెంటర్ ఒక పాత ఇంట్లో ఉంది. ముందు గదిలో నడక రాని చంటిపిల్లలు, మధ్య గదిలో మాటలొచ్చినవాళ్లు, వెనక రేకుల షెడ్డులో బడి వదిలాక వచ్చి తల్లిదండ్రుల కోసం ఎదురుచూసే పెద్ద పిల్లలు. గేటు పక్కన నియమాల బోర్డు. కార్డు మీద ఫొటో ఉన్నవాళ్లకే పిల్లను అప్పగిస్తారు. చీటీ రాసిస్తే తప్ప మందు వేయరు. గదిలోకి ఫోన్లు తేకూడదు. పన్నెండు నుంచి మూడు దాకా తల్లిదండ్రులు రాకూడదు. నేను ఆ బోర్డును రెండుసార్లు చదివాను. రాకూడదంటే ఏంటి? దాచుకునేది ఏమీ లేకపోతే మమ్మల్ని రానివ్వడానికి నొప్పా?

అదే అడిగాను. సెంటర్ నడిపే మేడమ్ రిటైరైన టీచరు, నాలాంటి వాళ్లను చాలామందిని చూసినట్టుంది. “పిల్లలు పండుకునే టైమమ్మా. ఒక్క తల్లి వస్తే పది మంది లేస్తరు” అంది నవ్వుతూ. సమాధానం సరిగ్గానే ఉంది. అంత సరిగ్గా ఉండటమే నాకు నచ్చలేదు.

చంటిపిల్లల గదిని చూసుకునేది ఒక ముసలామె. బక్కగా, చేతులు మాత్రం గట్టిగా ఉంటాయి. అందరూ అవ్వ అంటారు, నేనూ అలాగే పిలిచాను. మొదటి రెండు వారాలు నాకు వంక దొరకలేదు. మూడో వారంలో మొదలయింది.

సాయంత్రం ఇంటికి తెచ్చిన పాప ఆరు గంటలకల్లా కళ్లు మూసేది. పాలసీసా నోట్లో పెడితే సగం తాగి అలాగే నిద్రలోకి జారిపోయేది. చిటికెలేసినా లేవదు, బుగ్గ గిల్లినా లేవదు. అంతకుముందు పదింటి దాకా ఇల్లు పీకి పందిరేసిన పిల్ల! నాకు మా నానమ్మ చెప్పిన ముచ్చట గుర్తొచ్చింది. ఆమె కాలంలో మట్టిపనికి పోయే ఆడవాళ్లు కొందరు చంటిపిల్లల నాలుకకు నల్లమందు రాసి చెట్టుకొమ్మ ఉయ్యాలలో పడుకోబెట్టి పోయేవాళ్లట. ఇప్పుడు నల్లమందు ఎక్కడిది? దగ్గు మందు చాలదూ?

ఆ రోజు నుంచి గేటు దగ్గరే పాపను లాక్కున్నట్టు ఎత్తుకోవడం, నోరు వాసన చూడటం, కనురెప్పలు ఎత్తి చూడటం. ఇంటికొచ్చినా చంక దించేదాన్ని కాదు. ఒక చేత్తో అన్నం కలిపి, అదే చేత్తో తిని, పాప మెడ మీద నా ముక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. మధ్యలో వచ్చిన ఆదివారమంతా నా ఒళ్లోనే ఉంచుకున్నాను.

సోమవారం సెంటర్ నుంచి తెచ్చాక అరికాళ్లు చూశాను. నల్లగా మసి. మా దగ్గర ఎంత తుడిచినా గంటలో గచ్చు మీద బొగ్గు దుమ్ము కూర్చుంటుంది, అది కొత్తేం కాదు. కానీ నా పిల్ల పాకే పిల్ల. పాకే పిల్లకు మోకాళ్లు నల్లబడాలి. అరికాళ్లు ఎందుకు నల్లబడతాయి? వీళ్లు పాపను రోడ్డు వైపు వరండాలో కూలేస్తున్నారని, బొగ్గు లారీలు పోయే దుమ్ములో వదిలేస్తున్నారని నాకు నేనే తేల్చుకున్నాను. మర్నాడు నుదుటి మీద బొప్పి కూడా కనిపించింది.

“ఏందవ్వా ఇది?” అని నిలదీశాను.

“ఏం లేదు బిడ్డా, జర గోడకు తలిగింది. ఐసు పెట్టిన, తగ్గుతది” అంది, నా కళ్లలోకి చూడకుండా. ఆపైన రోజూ అడిగే మాటే మళ్లీ అడిగింది. “ఇంట్ల ఏమన్న కొత్తగ చేస్తున్నదా పిల్ల?”

నా పిల్ల ఇంట్లో ఏం చేస్తే నీకెందుకు? నాకేమన్నా తెలిసిపోయిందేమోనని కూపీ లాగుతోంది, ఇంకేంటి! “ఏం చేస్తలేదు, పండుకుంటున్నది” అని కసిరినట్టు చెప్పి వచ్చేశాను.

పాపను దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు గుండె, కళ్లు, పొట్ట అన్నీ చూసి, “పిల్ల మంచిగనే ఉన్నదమ్మా. ఆడి ఆడి అలిసిపోతున్నది” అన్నాడు. ఇంకా పాకే పిల్ల ఎంత ఆడితే అంత అలుస్తుంది? ఆ డాక్టరు మీద కూడా నాకు అనుమానం వచ్చింది. మా ఆయన చేతులెత్తేశాడు. “నీకు నమ్మకం కుదరది. నాకు సమజైంది. ఆదివారం మా అవ్వను రమ్మంటున్న” అన్నాడు. నేను వద్దనలేకపోయాను. వద్దనడానికి నా నోటితో నేను ఆ సెంటర్ మంచిదని చెప్పాలి కదా.

బుధవారం స్టోర్సులో ఆడిట్ వాళ్లు రాలేదని కాస్త ముందే వదిలారు. ఇరవై నిమిషాల ముందు సెంటర్ చేరాను. గేటు తీయబోతుంటే కిటికీలోంచి అవ్వ గొంతు వినిపించింది, షెడ్డు పిల్లల్లో ఎవరికో చెబుతోంది. “జల్ది జల్ది! వాళ్లమ్మ వచ్చే టైమైంది. కూసోపెట్టు పిల్లను. ఏం తెల్వనట్టే ఉండాలె!”

నా చేయి గేటు మీద అలాగే ఉండిపోయింది. లోపలికి పోతే పాప చాప మీద బుద్ధిగా కూర్చుని ఉంది, అవ్వ ఆయాసపడుతూ పక్కనే ఉంది. అప్పుడే అరిచి గోల చేసేదాన్ని. కానీ మాట ఉట్టిగా గాలికి పోతుంది, రుజువు కావాలి. గురువారం పొద్దున పాత ఫోన్లో రికార్డింగ్ పెట్టి, పాప సంచిలో మడత గుడ్డల కింద దాచి పంపాను. బోర్డు మీది నియమం నాకు గుర్తుంది. లెక్కచేయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు పెట్టుకుని, స్టోర్సు వెనక బోల్టుల అరల మధ్య కూర్చుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. మొదట గుడ్డల రాపిడి. ఎవరి పిల్లో ఏడుపు. కుక్కర్ కూతలు. ముందుకు జరుపుతూ పోయాను. దొరుకుతుంది దొరుకుతుందని నాలో నేనే అనుకుంటున్నాను. అప్పుడు అవ్వ గొంతు.

“దా బిడ్డా, దా... ఒకటి... రెండు... అబ్బో, మూడు! పడకు పడకు! శబాష్!” చప్పట్లు. నా పాప నవ్వు. కిలకిల కాదు, ఊపిరందని నవ్వు. గోడ దాకా పోయిరావే తల్లీ అంటోంది అవ్వ. మళ్లీ లెక్క. ఈసారి తొమ్మిది దాకా వచ్చింది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్నం గిన్నె పక్కకు తోసేశాను.

తర్వాత మేడమ్ గొంతు. “వాళ్లమ్మకు చెప్పినవా?”

“నేనెందుకు చెప్త మేడమ్? మొదటి అడుగు ఇంట్ల తల్లే సూడాలె, మనం సూసినా నోరు మూస్కోవాలె అని మీరే కదా రూలు పెట్టిండ్రు.”

“వారం దాటింది కదా. ఇంట్ల నడుస్తలేదా?”

“రోజు అడుగుతున్న. ఏం లేదంటది. ఆమె పిల్లను సంక దించది మేడమ్. గేటు కాన్నే గుంజుకుంటది, నోరు వాసన జూస్తది. నేల మీద పెడితె కదా పిల్ల నడిచేది?” మళ్లీ అవ్వే అంది. “పాపం, ఆమె భయం ఆమెది. నా పెద్ద బిడ్డ మొదటి అడుగు నేను సూడలే. పనికి పోయిన. పక్కింటోళ్లు జెప్తె ఇన్న. అందుకే నాకు ఎరుక.”

అంతా విన్నాను. బొప్పి, మసి, నిద్ర, అన్నిటికీ సమాధానం దొరికింది. వాళ్లు నా నుంచి ఒకటి దాస్తున్నారన్నది నిజమే, అందులో నేను తప్పు కాదు. కానీ పాప వారం నుంచి నడుస్తోంది. నడవకుండా పట్టుకున్నది నేను. బాపు అయితే ఏమనేవాడో గానీ, నాకు నా మీదే అసహ్యం వేసింది. రికార్డింగ్ చెరిపేశాను. మిగతా పూట పని మీద చూపు నిలవలేదు. నట్ల బదులు వాషర్లు ఇచ్చి తిట్లు తిన్నాను.

సాయంత్రం గేటు దగ్గరికి అవ్వ రోజూలాగే పాపను చంకన ఎత్తుకొచ్చింది. నేను చేతులు చాపలేదు.

“కింద దించవ్వా” అన్నాను.

ఆమె బిత్తరపోయింది. “వద్దు బిడ్డా, నేల మసి మసిగున్నది.”

“ఏం కాదు, దించు.”

వరండా మెట్టు మీద నేను కూర్చున్నాను. నాలుగడుగుల దూరంలో అవ్వ పాపను నిలబెట్టింది. పాప ఒక చేత్తో ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని నన్ను చూసింది. చేతులు చాపి రమ్మన్నాను. చూసింది. ఆ తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, అవ్వ వైపు చేతులెత్తింది.

చాపిన చేతులు నేను దించలేదు. అవ్వ నా ముఖం చూసింది. పాప వేళ్లు ఒక్కొక్కటిగా కుచ్చెళ్ల నుంచి విడిపించి, రెండడుగులు వెనక్కి వేసి, తలుపు చాటుకు పోయింది. పాప తలుపు వైపు చూస్తూ నిలబడింది. అక్కడ ఎవరూ లేరు. పెదవులు వంకర తిరిగాయి, ఇక ఏడుస్తుందనుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగింది. ఒకటి. రెండు. మూడో అడుగులో తూలింది. నాలుగోది వేసి నా ఒళ్లో పడింది.

“నడిచింది! అవ్వా, నా బిడ్డ నడిచింది! ఇదే మొదటిసారి!” అని అరిచాను.

అవ్వ తలుపు చాటు నుంచి వచ్చి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “నిజంగనా! అయ్యో, నేను సూడకపోతిని కదనే తల్లీ!” అంది. ఎంత బాగా చెప్పిందో ఆ అబద్ధం. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. క్షమించమని అడగాలనుకున్నాను. అడిగితే నేను విన్నానని తెలిసిపోతుంది, ఆమె వారం రోజులు కాపాడిన మాట పాడవుతుంది. అడగలేదు.

రోడ్డు మీదికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

“మీ అవ్వను రావద్దని చెప్పు. పాప ఇక్కడ్నే ఉంటది.”

“ఏమైందే? నిన్నటిదాక గంత లొల్లి చేస్తివి.”

“పాప నడిచింది.”

అవతల చిన్నపిల్లవాడిలా అరిచాడు. డంపర్ దగ్గర ఎవరికో చెబుతున్నాడు కూడా, “నా బిడ్డ నడిచిందిరా!” అని. మళ్లీ ఫోన్ చెవిన పెట్టుకుని, “ఎవరి దిక్కు నడిచింది?” అని అడిగాడు.

“నా దిక్కే” అన్నాను.